ఇంటి దగ్గర చిన్న వర్క్‌షాపు: ముందు పట్టు, తర్వాత వేగం

తొలకరి పడి నేల పదునైన రోజున కల్టివేటరు బోల్టు తెగి దుక్కి ఆగిపోవడం చాలామంది రైతులకు అనుభవమే. బోల్టు ఖరీదు కొద్ది రూపాయలే. కానీ దాని కోసం మండల కేంద్రానికి పోవాలి, షాపు తెరిచే దాకా ఆగాలి, బెజ్జం సరిపోకపోతే డ్రిల్లు వేయించాలి, తిరిగి రావాలి. ఈలోగా కిరాయి ట్రాక్టరు ఇంకొకరి పొలంలోకి వెళ్ళిపోతుంది, పదును ఆరిపోతుంది. చిన్న కమతం ఉన్నవారికి ఇలాంటి ఒక్క రోజే ఆ పంట లెక్కను మార్చేస్తుంది.

అందుకే ఇప్పుడు చాలా ఊళ్ళలో రైతులు పశువుల పాక పక్కనో, వసారాలోనో ఒక బల్ల వేసి డ్రిల్లు, సాన మిషను, కటింగు గ్రైండరు పెట్టుకుంటున్నారు. కొందరికి అవసరం, కొందరికి సరదా. రెండూ మంచివే. అయితే మిషను కొన్న వారిలో ఎక్కువమంది 'ఇంకా పెద్ద మోటారు ఉంటే బాగుండును' అనుకుంటారు. నిజానికి ఇంటి వర్క్‌షాపులో పని చెడటానికి, చేతికి దెబ్బ తగలటానికి మోటారు బలం తక్కువ కావడం కారణం కాదు. పని ముక్కను గట్టిగా పట్టి ఉంచకపోవడం, మిషను తిరగవలసిన వేగం కంటే ఎక్కువ తిరగడం, ఈ రెండే అసలు కారణాలు. పాత మిషనైనా పట్టు, వేగం సరిచేసుకుంటే కొత్తదానితో సమానంగా పనిచేస్తుంది. ఎలాగో చూద్దాం.

మొదటి ఖర్చు వైసు మీదే

కరెంటు మిషను కంటే ముందు కొనవలసింది బెంచి వైసు. 5 అంగుళాల దవడలున్నది వ్యవసాయ పనిముట్లకు సరిపోతుంది. లూధియానాలో తయారైన వైసులు మన హార్డ్‌వేరు షాపులన్నింట్లో దొరుకుతాయి. సెకండు హ్యాండుది కొనేటప్పుడు దవడలు దగ్గరికి తెచ్చి మధ్యలో వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. హ్యాండిలు అటూ ఇటూ తిప్పినప్పుడు అర చుట్టు దాకా దవడ కదలకపోతే లోపలి నట్టు అరిగిందన్నమాట. ఒంటి మీద అతుకు వేసిన గీత ఉంటే ఎంత చవకైనా వద్దు.

వైసు ఎంత మంచిదైనా బల్ల ఊగితే ప్రయోజనం లేదు. పాత దూలం ముక్కో, 2 అంగుళాల మందం చెక్కో వాడండి. బల్ల కాళ్ళు నేలలో పాతినా సరే, గోడకు బిగించినా సరే. వైసును చెక్క స్క్రూలతో కాకుండా చెక్కను దాటి కిందికి దిగే బోల్టులతో, అడుగున పెద్ద వాషర్లు వేసి బిగించాలి. ఎత్తు ఎంత ఉండాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. వైసు ముందు నిలబడి మోచేయి మడిస్తే మోచేయి, దవడల పైభాగం ఒకే ఎత్తులో ఉండాలి. అంతకంటే కిందుంటే నడుము నొప్పి, పైనుంటే ఆకురాయి సమంగా నడవదు.

హ్యాండిలుకు పైపు తొడిగి బిగించడం, సమ్మెటతో కొట్టడం చాలామందికి అలవాటు. వైసు పోత ఇనుముది, అలా కొడితే ఒకరోజు పగులుతుంది. ఇనుము సాగగొట్టే పనికి దాగలి ఉంది. అది లేకపోతే పాత రైలు పట్టా ముక్క చాలు. మరలున్న బోల్టును వైసులో పట్టేటప్పుడు రెండు పక్కలా అల్యూమినియం రేకు ముక్కలు పెడితే మరలు నలగవు.

ఆకురాయి, హ్యాక్సా, పానాల సెట్టు, సెంటరు పంచి, ఒక వెర్నియరు కాలిపరు. ఇవి ఉంటే సగం వర్క్‌షాపు ఉన్నట్టే. హ్యాక్సా బ్లేడు పళ్ళు ముందుకు చూసేటట్లు తగిలించాలి. సన్నని రేకు, పైపు కోయడానికి అంగుళానికి 24 పళ్ళున్న బ్లేడు, మందపాటి బద్దకు 18 పళ్ళున్న బ్లేడు వాడాలి.

డ్రిల్లు బిట్టు ఎందుకు మాడుతుంది?

"మంచి కంపెనీ బిట్టే కొన్నానండీ, రెండు బెజ్జాలకే మొద్దుబారింది" అనే మాట తరచూ వింటాం. లోపం బిట్టుది కాదు, వేగానిది. మామూలు ఇనుములో హైస్పీడు స్టీలు బిట్టు అంచు నిమిషానికి 25 మీటర్లకు అటూ ఇటూగా నడవాలి. దీన్ని చుట్ల లెక్కలోకి మార్చుకోవడానికి ఒక తేలిక సూత్రం ఉంది. 8,000ని బిట్టు మందంతో, అంటే మిల్లీమీటర్లతో భాగించండి. 4 మిల్లీమీటర్ల బిట్టుకు నిమిషానికి 2,000 చుట్లు. 8 మిల్లీమీటర్లకు 1,000. 10 మిల్లీమీటర్లకు 800. 12 మిల్లీమీటర్లకు సుమారు 670. అల్యూమినియానికి దీనికి రెట్టింపు పెట్టవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుకైతే సగానికి తగ్గించాలి.

మరి మన చేతి డ్రిల్లు మిషన్ల మీద రాసి ఉండే వేగం చూడండి. చాలావాటికి 2,500 పైనే ఉంటుంది. దానికి 12 మిల్లీమీటర్ల బిట్టు తగిలించి స్విచ్చి మొత్తం నొక్కితే బిట్టు అంచు ఉండవలసిన దానికి నాలుగు రెట్ల వేగంతో రాసుకుంటుంది. ఇనుము తెగదు, కాలుతుంది. బిట్టు కొస నీలి రంగు తిరిగి, బెజ్జం అడుగు గట్టిపడుతుంది. ఆ తర్వాత కొత్త బిట్టు పెట్టినా దిగదు.

స్విచ్చి మెల్లగా నొక్కి వేగం తగ్గించే డ్రిల్లులు ఉన్నాయి. అవి వాడండి. కానీ తక్కువ వేగంలో బరువు పని ఎక్కువసేపు చేయిస్తే లోపలి ఫ్యాను కూడా మెల్లగా తిరిగి మోటారు కాగిపోతుంది. రెండు బెజ్జాలు వేసి, ఖాళీగా ఒక నిమిషం పూర్తి వేగంతో తిప్పితే చల్లబడుతుంది. సీలింగు ఫ్యాను రెగ్యులేటరును డ్రిల్లుకు, సాన మిషనుకు తగిలించే ప్రయోగాలు మాత్రం వద్దు. రెగ్యులేటరు మాడుతుంది, మోటారు కూడా మాడవచ్చు.

బెజ్జం వేసే పద్ధతి కూడా చూసుకోవాలి. ముందు సెంటరు పంచితో గుంట కొట్టాలి. లేకపోతే బిట్టు జారి పక్కకు పోతుంది. 8 మిల్లీమీటర్లు దాటిన బెజ్జానికి ముందు 3 లేక 4 మిల్లీమీటర్ల బిట్టుతో దారి వేసుకోవాలి. ఇనుముకు మధ్య మధ్య చుక్క నూనె వేయాలి. పోత ఇనుముకు నూనె అక్కర్లేదు. బెజ్జం అవతలికి తేలే క్షణంలోనే బిట్టు కరిచి పట్టుకుంటుంది. చేతి డ్రిల్లయితే మణికట్టును మెలి తిప్పేస్తుంది. కాబట్టి చివరి రెండు మిల్లీమీటర్లు ఒత్తిడి తగ్గించి దింపాలి.

పని ముక్కను చేత్తో పట్టుకుని బెజ్జం వేయకూడదు. రేకు ముక్క బిట్టుకు చిక్కి తిరిగిందంటే అది కత్తే. బెజ్జం ఒక్కటే కదా అని బద్దకించిన రోజే వేళ్ళు తెగుతాయి. ఇంకో మాట. డ్రిల్లు పని దగ్గర చేతికి గుడ్డ తొడుగులు వేసుకోవద్దు. తొడుగు చిక్కితే వేలితో సహా లాగుతుంది. కండువా, వదులు చొక్కా చేతులు, లుంగీ అంచు కూడా అంతే. ఆడవాళ్ళు పని చేసేటప్పుడు జడ, పైట లోపలికి దోపుకోవాలి, గాజులు తీసి పెట్టాలి.

పాత స్టాండు డ్రిల్లు కొంటే

కొంత డబ్బు కూడాక నిలువు స్తంభం ఉన్న బెంచి డ్రిల్లు కొనుక్కోవచ్చు. మూతపడ్డ చిన్న వర్క్‌షాపుల నుంచి వచ్చినవి విజయవాడ ఆటోనగరులో, సికింద్రాబాదు రాణీగంజు వైపు ఆరా తీస్తే దొరుకుతాయి. పెయింటు కొత్తగా ఉందా లేదా అని చూడవద్దు. కరెంటు ఆపి చక్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఊగితే బేరింగులు పోయాయి. అది మార్చుకోగలిగిన లోపమే, ధర తగ్గించి అడగవచ్చు. స్తంభం వంగినా, టేబులు పగిలినా వదిలేయండి.

ఇంటికి తెచ్చాక మొదట చేయవలసింది బల్లకు నాలుగు బోల్టులతో బిగించడం. పైభాగం బరువు కాబట్టి వదులుగా నిలబెడితే ముందుకు తూలి మీద పడుతుంది.

తర్వాత టేబులు నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి. దీనికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. ఒక గట్టి తీగను జడ్ ఆకారంలో వంచి ఒక కొన చక్‌లో బిగించండి. రెండో కొన టేబులు అంచు దగ్గర కాగితం మందం ఎత్తులో ఉండేటట్లు దించండి. ప్లగ్గు పీకేసి, చక్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. నాలుగు దిక్కులా సందు ఒకేలా ఉంటే టేబులు సరిగా ఉన్నట్టు. ఒక పక్క రాసుకుని ఇంకో పక్క ఎత్తుగా ఉంటే టేబులు కింది బోల్టు వదులు చేసి సరిచేయాలి. ఈ పావుగంట పని చేయకుండా వేసిన బెజ్జంలో బోల్టు వాలుగా కూర్చుంటుంది. ఆ బోల్టే పొలంలో తెగుతుంది.

ఇక వేగం. బెల్టు మెట్ల పుల్లీల మీద ఉంటుంది. మోటారు చుట్లను మోటారు పుల్లీ వ్యాసంతో గుణించి, పైన తిరిగే పుల్లీ వ్యాసంతో భాగిస్తే బిట్టు వేగం వస్తుంది. మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరిగేదనుకోండి. మోటారు వైపు 2 అంగుళాల మెట్టు, బిట్టు వైపు 5 అంగుళాల మెట్టు మీద బెల్టు ఉంటే 576 చుట్లు. 12 మిల్లీమీటర్ల బిట్టుకు ఇది సరైన మెట్టు. 3, 4 అంగుళాల మెట్ల మీదైతే 1,080, అంటే 7, 8 మిల్లీమీటర్ల బిట్లకు. 4, 3 మీద 1,920, అంటే 4 మిల్లీమీటర్ల బిట్టుకు. మూత లోపలి వైపు ఈ అంకెలు పెయింటుతో రాసి పెట్టుకుంటే ప్రతిసారీ లెక్క వేయనక్కర్లేదు. ఇదే లెక్క చాఫ్ కట్టరుకు, గానుగకు కూడా పనికొస్తుంది. మోటారు పుల్లీ పెద్దది వేస్తే పని తొందరగా అవుతుందని చాఫ్ కట్టరుకు అలా మార్చేవారున్నారు. చక్రం వేగం పెరిగితే కత్తుల బోల్టుల మీద లాగుడు అంతకు మించి పెరుగుతుంది. వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలు. తయారీదారు రాసిన వేగం దాటవద్దు.

పాత డ్రిల్లుకు త్రీఫేజు మోటారు ఉంటే ఇంటి సింగిలు ఫేజు మీద అది నడవదు. అర హార్సుపవరు సింగిలు ఫేజు మోటారు బిగించుకోవడమే సులువు. దిమ్మ బెజ్జాలు, షాఫ్టు మందం కొలుచుకుని వెళ్ళి కొనాలి. వ్యవసాయ మోటారుకిచ్చిన త్రీఫేజు లైను నుంచి తీగ లాగి వర్క్‌షాపు నడపడం 2003 విద్యుత్తు చట్టం 126వ సెక్షను కింద అనధికార వినియోగం. పట్టుబడితే బిల్లు వేస్తారు.

సాన మిషను: పదును ఉండాలి, పస పోకూడదు

6 అంగుళాల రాయి ఉన్న బెంచి గ్రైండరు నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది. అంటే రాయి అంచు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. పగిలిన రాయి ముక్క ఆ వేగంతోనే ముఖం మీదికి వస్తుంది. కాబట్టి కొత్త రాయి బిగించేముందు దాన్ని వేలి మీద వేలాడదీసి స్క్రూ డ్రైవరు చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమని మోగితే మంచిది. బొదబొదమని మొద్దుగా వినిపిస్తే లోపల పగులుంది, పారేయండి. రాయి మీద అతికించిన కాగితం చింపవద్దు. నట్టు బిగించినప్పుడు ఒత్తిడి సమంగా పడటానికే అది ఉంటుంది. దాని మీద రాసిన గరిష్ఠ వేగం మిషను వేగం కంటే ఎక్కువ ఉండి తీరాలి. బిగించాక ఒక నిమిషం పక్కకు జరిగి నిలబడి ఖాళీగా తిప్పాలి.

మూత తీసేసి 8 అంగుళాల రాయి పట్టించడం కొందరు గొప్ప మార్పుగా చెప్పుకుంటారు. అది మార్పు కాదు, ప్రమాదం.

పని ముక్క ఆనించే చిన్న బల్లకూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. రాయి అరిగేకొద్దీ బల్లను దగ్గరికి జరుపుతుండాలి. సందు పెరిగితే కొడవలి కొస లోపలికి దూరి ఇరుక్కుంటుంది, వెంటే వేలు పోతుంది. ఇంటి గ్రైండర్లు పది చూస్తే ఎక్కువవాటికి ఈ బల్ల అసలు కనిపించదు. మీ మిషనుకు లేకపోతే ముందు అది చేయించండి, సాన పట్టడం తర్వాత.

ఇప్పుడు అసలు విషయం. కత్తి, గొడ్డలి, చాఫ్ కట్టరు బ్లేడు కార్బను స్టీలువి. కమ్మరి కొలిమిలో కాల్చి నీళ్ళలో ముంచి, దానికి ఒక గట్టిదనం తెచ్చి ఉంటాడు. సాన రాయి మీద ఒత్తి పట్టినప్పుడు అంచు మొదట గడ్డి రంగుకు, తర్వాత గోధుమ రంగుకు, చివరికి నీలానికి తిరుగుతుంది. నీలం వచ్చిందంటే వేడి 300 డిగ్రీలకు చేరింది, ఆ మేర గట్టిదనం పోయింది. ఆ రోజుకు పదునుగానే కోస్తుంది, మర్నాటికి అంచు మడత పడుతుంది. రైతు ఏమో ఇనుము మంచిది కాదనుకుంటాడు. అందుకని రాయి పక్కనే నీళ్ళ డబ్బా పెట్టుకోవాలి. అంచును రాయికి తేలికగా తాకిస్తూ, రెండు మూడు సెకన్లకోసారి నీళ్ళలో ముంచాలి. తొడుగుల్లేని చేత్తో పట్టుకోలేనంత వేడెక్కకముందే ముంచితే రంగు తిరగదు. చివరి పదును మిషను మీద కాదు, చేతి సానరాయి మీద పెట్టాలి.

చాఫ్ కట్టరు బ్లేడుకు ఒక వైపే ఏటవాలు ఉంటుంది. ఆ వైపే సాన పట్టాలి. రెండో వైపు చదునుగానే ఉండాలి. లేకపోతే కింది పట్టీకి, బ్లేడుకు మధ్య సందు వచ్చి గడ్డి తెగకుండా మడత పడుతుంది. పళ్ళ కొడవలిని సాన మిషను మీద అసలు పెట్టవద్దు. పళ్ళు పోతాయి. పళ్ళు లేని చదును వైపు సన్నని ఆకురాయితో రెండు మూడు సార్లు లాగితే చాలు.

బూడిద రంగు రాయి ఇనుముకు మాత్రమే. అల్యూమినియం, ఇత్తడి దాని మీద పెడితే మెత్తటి లోహం రాయి రంధ్రాల్లో కూరుకుపోయి రాయి నున్నగా మెరుస్తుంది. మెరిసే రాయి కోయదు, వేడి చేస్తుంది. డ్రెస్సరుతో పైపొర తీసేస్తే మళ్ళీ కొత్త రాయవుతుంది. రాయి పక్క భాగం మీద ఒత్తి సాన పట్టవద్దు. కళ్ళద్దాలు తప్పనిసరి, చూపుకు పెట్టుకునే అద్దాలు దీనికి చాలవు. కంట్లో ఇనుప రజను పడితే నలపకుండా, గుడ్డ కొసతో తీయకుండా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

కటింగు గ్రైండరుతో జాగ్రత్త

చేతిలో పట్టుకునే 4 అంగుళాల గ్రైండరు చిన్నదే. కానీ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. బిళ్ళ అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. మన ఊళ్ళలో దీని మూత తీసేసి వాడటమే ఆనవాయితీ అయింది. మూత ఉంటే లోతుగా కోయడం కుదరదని కారణం చెబుతారు. ముక్కను తిప్పి రెండో వైపు నుంచి కోయండి, పని అయిపోతుంది.

కోత బిళ్ళ సన్నంగా ఉంటుంది, దాన్ని పక్కవాటుగా ఒత్తి నునుపు చేయడానికి వాడితే పగులుతుంది. నునుపుకు మందపాటి బిళ్ళ వేరే ఉంది. బిళ్ళ నడిమి ఇనుప రింగు మీద గడువు నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. చెమ్మ తగిలినది, గడువు దాటినది చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఈ మిషనుకు చెక్క కోసే పళ్ళ బిళ్ళ బిగించి కొమ్మలు నరకడం మొదలుపెట్టారు కొందరు. పన్ను కొమ్మలో ఇరుక్కోగానే మిషను వెనక్కి, తొడ మీదికో మెడ మీదికో ఎగురుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

పైపు కోసేటప్పుడు తెగి పడే ముక్క కిందికి వేలాడేటట్లు పెట్టాలి. రెండు కొనల కిందా ఆధారం ఉంటే కోత మూసుకుపోయి బిళ్ళను కరుస్తుంది. నిప్పు రవ్వలు ఎటు పోతాయో ముందే చూసుకోండి. గడ్డివాము, పత్తి కుప్ప, గోనె సంచులు, డీజిలు డబ్బా 35 అడుగుల లోపల ఉండకూడదు. పని అయ్యాక అరగంట సేపు ఆ చోటును కనిపెట్టుకుని ఉండాలి. పత్తిలో పడ్డ రవ్వ వెంటనే మంట కాదు, లోపల రగులుతుంది.

వెల్డింగు సంగతి ఇక్కడ రెండే మాటలు. జీఐ పైపును వెల్డింగు చేస్తే పూత కాలి వచ్చే తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పూత గీకేసి, ఆరుబయట చేయాలి. డీజిలు ట్యాంకును, పురుగుమందు డ్రమ్మును ఖాళీదే కదా అని వెల్డింగు చేయకూడదు. లోపలి ఆవిరి పేలుతుంది.

కరెంటు దగ్గర బేరం వద్దు

మిషను ఇనుప ఒంటికి ఎర్తు ఉండి తీరాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చడం, తీగల కొనలు ఒలిచి అగ్గిపుల్లతో సాకెట్టులో గుచ్చడం మానుకోవాలి. ఒంటి మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉన్న చేతి మిషన్లకు మాత్రమే రెండు పిన్నులు సరిపోతాయి. కొన్ని ఊళ్ళలో న్యూట్రలు రాకపోతే ఎర్తునే న్యూట్రలుగా వాడుతున్నారు. అలాంటి ఇంట్లో ఇనుప మిషను ముట్టుకోవడమంటే తీగ ముట్టుకోవడమే. ఎర్తు గుంత వేసవిలో ఎండిపోతుంది, అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి.

వర్క్‌షాపు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఒంట్లోంచి కరెంటు నేలకు పారగానే అది రెప్పపాటులో లైను తెంపుతుంది. దాని మీద టెస్టు బటను ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. అయితే అది ఓవర్‌లోడును ఆపదు, దానికి ఎంసీబీ వేరే ఉండాలి.

ఇంటి నుంచి పాకకు 100 అడుగుల తీగ లాగేవారు మందం చూసుకోవాలి. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 15 ఆంపియర్లు లాగితే దారిలోనే 16 వోల్టులు పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే 7 వోల్టుల లోపే. తీగ చుట్ట చుట్టి ఉంచి వాడితే కాగి కరుగుతుంది, మొత్తం విప్పి పరవాలి.

పల్లెల్లో పట్టించుకోవలసిన ఇంకో ప్రమాదం ఉంది. డ్రిల్లు నడుస్తుండగా కరెంటు పోతుంది. మనం స్విచ్చి ఆపకుండా బిట్టు విప్పడానికి చక్‌లో తాళం పెడతాం. అంతలో కరెంటు వస్తుంది. దీనికి మందు మన మోటారు షెడ్డులోనే ఉంది. పచ్చ బటను, ఎర్ర బటను ఉన్న స్టార్టరును సింగిలు ఫేజుకు సరిపడేది డ్రిల్లుకు, సాన మిషనుకు పెట్టుకుంటే కరెంటు తిరిగి వచ్చినా పచ్చ బటను నొక్కేదాకా మిషను కదలదు. బోరు మోటారుకు పెట్టే ఆటో స్టార్టరు మాత్రం ఇక్కడ పెట్టకూడదు. దాని పనే తనంతట తాను ఆన్ చేయడం.

సింగిలు ఫేజు మోటారు 'ఊఁ' అని మూలుగుతూ తిరగకపోతే చాలాసార్లు కెపాసిటరు పోయినట్టు. వెంటనే స్విచ్చి ఆపాలి, లేకపోతే వైండింగు కాలుతుంది. స్విచ్చి ఆపినా కెపాసిటరులో కరెంటు నిలవ ఉంటుంది కాబట్టి దాని పిన్నులు ముట్టుకోవద్దు, ఎలక్ట్రీషియనుతో మార్పించండి.

లేతు కొనాలా?

డ్రిల్లు, గ్రైండరు చేతికి అలవాటయ్యాక చాలామందికి లేతు మీద మనసు పోతుంది. రాజ్‌కోట్, బటాలా లేతులు పాతవి ఊరిస్తాయి కూడా. మా సలహా వద్దనే. చిన్న రైతుకు నెలకు ఒకటో రెండో లేతు పనులు పడతాయి. దానికోసం అంత డబ్బు, అంత చోటు, నేర్చుకోవడానికి అంత కాలం పెట్టడం దండగ. సరదాకు కొనుక్కోగలిగిన స్తోమతు ఉంటే అది వేరే మాట. లేతు పని మండలంలోని టర్నరుకే ఇవ్వండి. కానీ కొలత మీరు తీసుకెళ్ళండి.

వెర్నియరు కాలిపరుతో షాఫ్టును మూడు చోట్ల కొలవాలి, అరిగిన చోట ఒకటి, అరగని చోట రెండు. అరగని కొలతే అసలు సైజు. బుష్షు చేయిస్తే పాత పిన్ను కూడా పట్టుకెళ్ళి 'చేత్తో తోస్తే జారాలి, ఊగకూడదు' అని చెప్పండి.

బేరింగుకైతే నంబరు చాలు. నంబరు చెరిగిపోయినా కొలిచి చెప్పవచ్చు. చివరి రెండు అంకెలు 04, ఆపైన ఉంటే వాటిని 5తో గుణిస్తే లోపలి బెజ్జం మిల్లీమీటర్లలో వస్తుంది. 6204కు 20, 6205కు 25. అంతకంటే చిన్నవాటిలో 6203కు 17, 6202కు 15. దుమ్ములో తిరిగే చోట రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నది అడగండి. షాఫ్టుకు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద పైపు ముక్క ఆనించి కొట్టాలి. బయటి రింగు మీద కొడితే దెబ్బ గుండ్ల మీద పడి, కొత్త బేరింగే నెలలో అరుస్తుంది.

అలాగే మరలు పోయిన బెజ్జానికి లేతు అక్కర్లేదు, ట్యాపు చాలు. బోల్టు సైజులోంచి మర దూరం తీసేస్తే ముందు వేయవలసిన బెజ్జం వస్తుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకు 6.8 బిట్టు, 10కి 8.5, 12కి 10.2. ట్యాపును అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ నూనె వేయాలి. మొండికేసినప్పుడు బలం పెడితే ట్యాపు లోపలే విరుగుతుంది. అది గట్టి ఉక్కు కాబట్టి మామూలు డ్రిల్లు బిట్టుతో తీయలేం.

ఇంట్లో మిషన్లు పెట్టుకున్నామని ఊరి కమ్మరిని వదులుకోవద్దు. కర్రు సాగగొట్టడం, కాల్చి నీళ్ళు పట్టడం కొలిమి పనులు, గ్రైండరుతో అయ్యేవి కావు. కమ్మరి, వడ్రంగి వంటి 18 చేతివృత్తుల వారికి కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. ఇందులో 15,000 రూపాయల పనిముట్ల సహాయం, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా పూచీకత్తు లేని రుణం ఉన్నాయి. కుటుంబంలో ఒకరికే ఇస్తారు, నమోదు కామన్ సర్వీసు సెంటరులో చేస్తారు. మీ ఊరి కమ్మరికి ఈ సంగతి చెప్పండి.

వానాకాలం వస్తే వైసు స్క్రూకు గ్రీజు, దవడలకు, డ్రిల్లు స్తంభానికి, టేబులుకు నూనె గుడ్డతో ఒక పూత పూయాలి. బిట్లు, ట్యాపులు నూనె గుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. ఎరువుల బస్తాలు ఉన్న గదిలో మాత్రం మిషన్లు ఉంచవద్దు. యూరియా, పొటాషు చెమ్మ పీల్చుకుంటాయి, ఆ గదిలో ఇనుము ఒక్క వానాకాలంలోనే తుప్పు పడుతుంది.